ఎవరి కోసమో వేసిన కంకర దారులు

*2027లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం వేల్స్ గడ్డ మీదికి వస్తోంది. ఆ ముచ్చట్లు అక్కడ ఇప్పుడే మొదలయ్యాయి. కానీ ఆ కొండల్లో పందెం లేని, ప్రేక్షకులు లేని సైక్లింగ్ ఒకటి ఎప్పటి నుంచో నడుస్తోంది. దానికి కావాల్సింది కంకర దారి. ఆ దారులు ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని ఆరా తీస్తే వేల్స్ చరిత్ర సగం బయటపడుతుంది.*

రయాడర్ ఊరి నడిమధ్యన గడియార స్తంభం ఉంటుంది. నాలుగు రోడ్లూ అక్కడే కలుస్తాయి. సెలవు రోజు పొద్దున్నే చుట్టుపక్కల గోడలకు ఆనించిన సైకిళ్లు కనిపిస్తాయి. కిందికి వంగిన హ్యాండిళ్లు చూస్తే పందెం సైకిళ్లే అనిపిస్తాయి గానీ టైర్లు లావు. సీటు వెనకా హ్యాండిల్ ముందూ బురదకు రంగు మారిన సంచులు. వాటిలో వాన కోటు, ఇంకో జత సాక్సులు, గాలి పంపు, చీజ్ శాండ్‌విచ్. సైకిళ్ల వాళ్లు కాఫీ తాగుతూ ఆకాశం చూస్తుంటారు. మబ్బు ఉంటే వాన పడుతుంది. లేకపోయినా పడుతుంది. మధ్య వేల్స్‌లో వాన చూసి ఆగితే ఇక ఇల్లు కదలనక్కర్లేదు.

ఊరు దాటితే ఎలాన్ లోయ. పాత రైలు కట్ట మీదుగా నున్నటి దారి, పక్కన ఒకదాని ఎగువన ఒకటిగా ఆనకట్టలు. ఇంతవరకూ పిల్లల సైకిళ్లూ వస్తాయి. పడమటికి తిరిగి క్లయర్‌వెన్ ఆనకట్ట ఎక్కాక కథ మారుతుంది. తారు రోడ్డు అక్కడితో సరి. ఆనకట్ట చివర ఒక గేటు, దాని అవతల కంకర. నాలుగు మైళ్ల పొడవున్న జలాశయం ఒడ్డు వెంబడి ఆ దారి ప్రతి వాగునూ చుట్టివస్తూ పోతుంది. చెట్టు లేదు, ఇల్లు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. ఎండిన గడ్డి రంగు కొండలు, గుంటల్లో నిలిచిన నీళ్లు, నెత్తిన గిరికీలు కొట్టే ఎర్ర గద్దలు. బ్రిటన్ అంతటా వేటాడి మట్టుపెట్టినా ఈ గద్దలు బతికి బట్టకట్టింది ఈ మధ్య వేల్స్ లోయల్లోనే.

ఇక గేటు. ఇనుప పైపుల గేటు, బిర్రుగా పట్టేసిన గొళ్లెం. గొళ్లెం విరిగిన చోట గడ్డిమోపులు కట్టే నీలం ప్లాస్టిక్ తాడు. చలికి కొయ్యబారిన వేళ్లతో, తడిసిన గ్లవ్స్ పళ్లతో లాగి ఆ ముడి విప్పాలి, సైకిల్ దాటించాలి, మళ్లీ అదే ముడి వేయాలి. రోజంతా తొక్కినవాడిని అడిగితే ఎన్ని కొండలెక్కాడో చెప్పలేకపోవచ్చు గానీ గేట్ల సంగతి మాత్రం మర్చిపోడు.

ఏమిటీ గ్రావెల్ బైక్?

టూకీగా చెప్పాలంటే రోడ్డు సైకిల్‌కీ కొండల్లో తొక్కే మౌంటెన్ బైక్‌కీ మధ్యస్తం. పందెం సైకిల్ టైరు 28 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే దీనిది 40 నుంచి 50. చాలామంది లోపల ట్యూబు పెట్టరు. టైరులో పాలలాంటి ద్రవం పోస్తారు, ముల్లు దిగితే అది గడ్డకట్టి చిల్లు పూడుస్తుంది. ముల్లయితే సరే. వేల్స్‌లో దొరికేది పలక రాయి. దాని అంచు టైరు పక్కభాగాన్ని కత్తిలా కోస్తే ఏ ద్రవమూ పనిచేయదు. అందుకే సంచిలో టైరు ముక్క ఒకటీ, పాత పద్ధతి ట్యూబు ఒకటీ ఉండాల్సిందే.

ఈ పేరుతో పందేలు ఊపందుకున్నది అమెరికాలో. కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియాలో పొలాల మధ్య మట్టి రోడ్ల మీద 2006లో మొదలైన పందెం ఇప్పుడు ప్రపంచ ప్రసిద్ధం. 2022లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఇటలీలో తొలి గ్రావెల్ ప్రపంచ పోటీలు పెట్టింది. సైకిల్ కంపెనీలకు కొత్త సరుకు దొరికింది. అయితే రాళ్లదారిన సైకిల్ తొక్కడం అమెరికా కనిపెట్టిన వింతేమీ కాదు. వేల్స్‌లో దానికి నూరేళ్లు పైబడిన సాక్ష్యం ఉంది.

మంచులో సైకిల్ తోసుకెళ్లినవాడు

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి నాలుగు నెలలు దాటింది. 1919 మార్చి చివర. ఈశాన్య వేల్స్‌లోని బెర్విన్ కొండల మీద ఇంకా మంచు దట్టంగా ఉంది. లివర్‌పూల్ వైపు నుంచి సైకిళ్ల మీద వచ్చిన కొందరు మిత్రులు లానార్మన్ లోయ వైపు నుంచి కొండ దాటి కన్విడ్‌లో దిగాలనుకున్నారు. తొక్కింది తక్కువ, మంచులో తోసింది, మోసింది ఎక్కువ. వాళ్లలో ఒకాయన పేరు వాల్టర్ మెక్‌గ్రెగర్ రాబిన్సన్. 'వేఫేరర్' అనే కలం పేరుతో రాసేవాడు. ఆ ప్రయాణాన్ని అదే ఏడాది మే నెలలో 'సైక్లింగ్' పత్రికలో రాశాడు. చదివినవాళ్లకు పిచ్చెక్కింది. రోడ్డు ఉన్నచోటే సైకిల్ వెళ్లాలని ఎవరన్నారు అని ఒక తరం మొత్తం కొండల దారి పట్టింది. ఆయన ఊరూరా తిరిగి లాంతరు బొమ్మలతో ఉపన్యాసాలు ఇచ్చాడు.

ఆ తరం పెద్దదై 1955లో వేల్స్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న లెమ్‌స్టర్ పట్నంలోని ఒక పబ్బులో కూర్చుని 'రఫ్ స్టఫ్ ఫెలోషిప్' అనే సంఘం పెట్టుకుంది. రోడ్డు వదిలి తొక్కేవాళ్ల సంఘాల్లో ప్రపంచంలోకెల్లా పాతది ఇదే అంటారు. వాళ్ల పాత ఫొటోలు చూస్తే ముచ్చటేస్తుంది. వేసుకున్నది మామూలు బట్టలే, సైకిళ్లూ మామూలువే. వాగులో నడుం వంచి సైకిల్ భుజాన వేసుకున్న మనిషి, పక్కన బండ మీద చిన్న స్టవ్వు పెట్టి టీ కాచుకుంటున్న మనిషి. ఈ రోజు లక్షల రూపాయల సైకిల్ కొన్నాక గానీ కొండ ఎక్కలేమనుకునేవాళ్లు ఆ ఫొటోలు ఒకసారి చూడాలి.

వేఫేరర్ 1956లో పోయాడు. మరుసటి ఏడాది సంఘం వాళ్లు ఆయన దాటిన కనుమ మీద చిన్న స్మారక శిల నిలిపారు. దాని దగ్గర ఒక ఇనుప పెట్టె, పెట్టెలో పుస్తకం. అటు వెళ్లే సైకిల్‌వాళ్లు ఆగి పేరు రాసి, వాన ఎలా ఉందో ఒక ముక్క జోడించి పోతారు.

ఎద్దులకు నాడాలు, బాతులకు తారు

బెర్విన్ కనుమ దారి గానీ, మధ్య వేల్స్‌లో అబర్‌గ్వెసిన్ మీదుగా పోయే దారి గానీ సైకిళ్ల కోసం పుట్టినవి కావు. అవి పశువుల దారులు. రైళ్లు రాకముందు కొన్ని వందల ఏళ్లపాటు వేల్స్ కొండల్లో పెంచిన నల్ల పశువుల్ని మందలుగా ఇంగ్లండ్ సంతలకు, లండన్ దాకా తోలుకుపోయేవాళ్లు. గంటకు రెండు మైళ్ల నడక. ముందే ఎద్దుల గిట్టలకు ఇనుప నాడాలు కొట్టించేవాళ్లు. గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండేసి ముక్కలు. పెద్ద బాతుల్ని తోలేటప్పుడైతే వాటిని ముందు మెత్తటి తారులో, తర్వాత ఇసుకలో నడిపించేవాళ్లు. అదే వాటి చెప్పుల జత.

లోయలో మంచి రోడ్లుండగా కొండల మీదుగా ఎందుకు పోవడం? టోల్ గేట్లు. లోయ రోడ్ల మీద పశువుకు ఇంతని సుంకం. మందలో వందల తలలుంటే లాభమంతా గేటు దగ్గరే కరిగిపోతుంది. అందుకని నిటారు కొండలెక్కి చుట్టూ తిరిగి పోయేవాళ్లు. ఈనాటి గ్రావెల్ సైకిల్‌వాడు మోటారు కార్లు లేని ఎత్తు దారి దొరికిందని సంబరపడుతున్నాడంటే, ఆనాటి పశువుల కాపరి సుంకం ఎగ్గొట్టిన పుణ్యమే.

తోలుకుపోయేవాడి చేతిలో ఊరి జనం డబ్బు కూడా ఉండేది. తిరుగు దారిలో దొంగల భయం. ఆ భయంలోంచే లాండవరీ పట్నంలో 1799లో డేవిడ్ జోన్స్ అనే పశువుల వ్యాపారి బ్యాంకు పెట్టాడు. నోట్ల మీద నల్ల ఎద్దు బొమ్మ వేయించాడు కాబట్టి అది బ్లాక్ ఆక్స్ బ్యాంకు అయింది. 1909లో లాయిడ్స్ బ్యాంకు దాన్ని కలుపుకుంది.

> సైకిలా, గుర్రమా?
> అబర్‌గ్వెసిన్ దారికి దిగువన లాన్‌ఊర్తిడ్ వెల్స్ అనే చిన్న పట్నం ఉంది. మనిషి గెలుస్తాడా, గుర్రం గెలుస్తుందా అని పబ్బులో మొదలైన వాదన తేల్చడానికి 1980 నుంచి అక్కడ కొండల్లో 20 మైళ్లకు పైబడిన పందెం పెడుతున్నారు. కొన్నేళ్లు సైకిళ్లనూ అనుమతించారు. 1989లో టిమ్ గౌల్డ్ సైకిల్ మీద గుర్రాన్ని ఓడించాడు. పరిగెత్తే మనిషి తొలిసారి గెలవడానికి మాత్రం 2004 దాకా ఆగాల్సి వచ్చింది.

బర్మింగ్‌హామ్ దాహం

మళ్లీ ఎలాన్ లోయకు వద్దాం. అక్కడి దారులు నీళ్ల కోసం పుట్టాయి. 19వ శతాబ్దం చివరికి బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీలతో, ఇరుకు వాడలతో కిక్కిరిసిపోయింది. మురికి నీళ్లతో టైఫాయిడ్, విరేచనాలు. శుభ్రమైన నీరు ఎక్కడుందని వెతికితే 70 మైళ్ల అవతల, వాన ఎక్కువగా పడే వేల్స్ కొండల్లో కనబడింది. 1892లో పార్లమెంటు చట్టం చేసింది. మరుసటి ఏడాది పని మొదలైంది. జేమ్స్ మాన్సర్ అనే ఇంజినీరు వేసిన లెక్క చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యమే. నీళ్లను ఎత్తిపోయడానికి పంపు ఒక్కటి కూడా లేకుండా 117 కిలోమీటర్ల కాలువ. ప్రతి 2,300 అడుగులకు ఒక్క అడుగు వాలు. కొండలో బయల్దేరిన నీటి చుక్క ఒకటిన్నర రోజు నడిచి నగరం చేరుతుంది. 1904 జులైలో ఏడో ఎడ్వర్డ్ రాజు వచ్చి ప్రారంభించాడు. ఇవాళ బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటున్న మన పిల్లలు కుళాయి తిప్పితే వచ్చేవి చాలావరకు ఈ లోయ నీళ్లే.

నీళ్లు అటు పోయాయి, ఇక్కడ మిగిలింది ముంపు. లోయలోని నూరు మందికి పైగా ఊరు వదిలారు. పద్దెనిమిది పొలాల ఇళ్లు, మూడు పెద్ద భవంతులు, ఒక బడి, ఒక చర్చి పోయాయి. కవి షెల్లీ కొన్నాళ్లు బస చేసిన రెండిళ్లూ వాటిలోవే. పరిహారం ముట్టింది భూమి యజమానులకే. కౌలుదార్లకూ కూలీలకూ దారి ఖర్చు కూడా దక్కలేదు.

కట్టడానికి వచ్చినవాళ్ల కథ ఇంకొకటి. రాయీ సిమెంటూ మోయడానికి ప్రత్యేకంగా రైలు పట్టాలు వేశారు. కూలీలకు చెక్క గుడిసెల ఊరు కట్టారు. దొంగసారా లోపలికి రాకుండా వంతెన మీద కాపలాదారుడు. ఆనకట్టల పని అయిపోయాక పట్టాలు పీకేశారు. సైకిళ్లు వెళ్లే నున్నటి దారి ఆ రైలు కట్టే. పై లోయలోని క్లయర్‌వెన్ ఆనకట్ట కింది ఆనకట్టలకు దాదాపు యాభై ఏళ్ల చిన్న. 1952లో రెండో ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. అసలు గోడ కాంక్రీటే అయినా కింది ఆనకట్టలకు జోడుగా కనబడాలని ముందువైపు రాయి పేర్చారు. బ్రిటన్ రాతిపనివాళ్లు బాంబులకు దెబ్బతిన్న పార్లమెంటు భవనం బాగుచేసే పనిలో ఉండడంతో ఇటలీ నుంచి మేస్త్రీలను రప్పించారు.

నీళ్ల పేరెత్తితే వేల్స్‌లో ఇంకా నొప్పి ఉంది. ఉత్తరాన కేపెల్ కెలిన్ అనే ఊరిని లివర్‌పూల్ కోసం 1965లో ముంచేశారు. వేల్స్ నుంచి ఎన్నికైన ఎంపీల్లో ఒక్కరు కూడా ఆ బిల్లుకు ఓటు వేయలేదు, అయినా పాసైంది. లివర్‌పూల్ నగరపాలక మండలి క్షమాపణ చెప్పింది 2005లో. జలాశయం ఒడ్డున అందమైన దారి కనిపించగానే ఫొటో తీసుకునే సైకిల్‌వాడికి ఈ సంగతి తెలిసి ఉండాలని వేల్స్ వాళ్లు ఆశించడంలో తప్పేముంది?

లారీల కోసం వేసిన అడవి రోడ్లు

గ్రావెల్ సైకిల్‌కి అచ్చంగా నప్పే దారి మాత్రం అడవి రోడ్డు. మొదటి యుద్ధంలో కందకాలకూ గనులకూ కలప వాడి వాడి బ్రిటన్ అడవులు ఖాళీ అయ్యాయి. మళ్లీ యుద్ధం వస్తే కలప ఎక్కడిదన్న బెంగతో 1919లో, వేఫేరర్ మంచులో కొండ దాటిన ఏడాదే, ఫారెస్ట్రీ కమిషన్ పెట్టారు. వేల్స్ గొర్రెల కొండలు కొని వరసల్లో చెట్లు నాటారు. ఎక్కువగా సిట్కా స్ప్రూస్, ఉత్తర అమెరికా పడమటి తీరం నుంచి తెచ్చిన చెట్టు. తడి నేలలో త్వరగా పెరుగుతుంది. దాని కింద ఇంకేదీ మొలవదు. ఎకరాల కొద్దీ ఒకే ముదురు ఆకుపచ్చ. గొర్రెల కాపరులకు ఆ రంగంటే ఇప్పటికీ గిట్టదు.

పెరిగిన కలప కిందికి దించాలంటే 44 టన్నుల లారీ పైకి రావాలి. లారీ ఎక్కాలంటే వాలు మరీ నిటారుగా ఉండకూడదు, మలుపు వెడల్పుగా ఉండాలి, చక్రం కూరుకుపోకూడదు. అడవిలోనే చిన్న క్వారీ తవ్వి, రాయి పగలగొట్టి, రోలరుతో తొక్కించి, వాన నీరు రెండు పక్కలకూ జారేలా మధ్య ఉబ్బెత్తుగా రోడ్డు పోశారు. లారీ డ్రైవర్ కోసం చేసిన ఈ ఏర్పాట్లన్నీ సైకిల్‌వాడికి వరమయ్యాయి. ఊపిరి అందేంత ఎక్కుడు, చక్రం నిలిచేంత గట్టి నేల.

ఆ రోడ్డు ఎప్పుడు తెరిచి ఉండాలో తేల్చేదీ కలపే. 2010లో వేల్స్ లార్చ్ చెట్లకు తెగులు బయటపడింది. వ్యాపించకుండా కొండలకు కొండలు నరికేయాల్సి వచ్చింది. 2024 డిసెంబరులో డారా తుపాను కూల్చిన చెట్లు ఇంకొక దెబ్బ. నరికే యంత్రాలు లోపల ఉన్నంతకాలం దారికి అడ్డంగా ఎర్ర బోర్డు. ఎదురుచూసి ఎక్కినవాడికి ఆ బోర్డు కనబడితే వెనక్కి తిరగడమే. నాలుగు గంటల శ్రమ వృథా అని గొణుక్కుంటూనే తిరుగుతారు.

అయిదింట ఒక్కటే

మ్యాపులో గీత ఉన్నంత మాత్రాన తొక్కేయొచ్చని కాదు. కాలిబాట వేరు, గుర్రపు బాట వేరు. 1968 చట్టం గుర్రపు బాటల మీదికి సైకిల్‌ను రానిచ్చింది, నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారి ఇవ్వాలన్న షరతుతో. కాలిబాట మీద సైకిల్‌కు హక్కు లేదు. 2000లో వచ్చిన చట్టం బీడు కొండల మీద ఎవరైనా తిరగవచ్చంది, కానీ నడిచి మాత్రమే. ఫలితం, వేల్స్‌లో జనం హక్కుగా వాడుకునే బాటల్లో సైకిల్‌కు చెల్లేవి అయిదింట ఒక వంతు.

ఈ తేడాకు నేల మీద తర్కమేమీ కనిపించదు. ట్రాక్టరు తిరిగే వెడల్పాటి కంకర దారి కాగితంలో కాలిబాట కావచ్చు. మోకాలి లోతు బురద గుర్రపు బాట కావచ్చు. ఒకప్పుడు గుమాస్తా ఏ గడిలో రాశాడో అదే శాసనం. స్కాట్లండ్ 2003లోనే చట్టం మార్చి, బాధ్యతగా మెలిగితే సైకిల్‌కూ చాలాచోట్ల దారి తెరిచింది. వేల్స్ ప్రభుత్వం కూడా మారుస్తానని 2019లో ప్రకటించింది. సలహా బృందాలు కూర్చున్నాయి, నివేదికలు రాశాయి.

చట్టం కదిలే లోపు ఉన్న ముక్కల్నే అతికి పొడవాటి దారులు చేశారు. వాటిలో పేరున్నది 2023లో సైక్లింగ్ యూకే సంస్థ తెరిచిన 'త్రౌస్ ఎరరి'. ఎరరి అంటే మనం స్నోడోనియాగా విన్న ప్రాంతమే. గుర్రపు బాట, అడవి రోడ్డు, సన్నటి పల్లె రోడ్డు కలిపి కుట్టిన 196 కిలోమీటర్లు. అక్కడక్కడా సైకిల్ దిగి తోయక తప్పదు.

> దారుల చిట్టా
> త్రౌస్ ఎరరి: మఖన్‌లెత్ నుంచి కాన్వీ కోట దాకా. తాపీగా తొక్కితే నాలుగు రోజులు. మొదటి గ్రావెల్ ప్రయాణానికి ఇది వద్దు.
> మౌదఖ్ దారి: డోల్‌గెల్లై నుంచి సముద్రం ఒడ్డున బార్మత్ దాకా, నది ముఖద్వారం వెంబడి. 1965లో మూసేసిన రైలు మార్గం. సమతలం, ఎవరైనా వెళ్లొచ్చు.
> ఎలాన్ లోయ దారి: రయాడర్ దగ్గర మొదలు, సుమారు తొమ్మిది మైళ్లు. ఓపిక ఉంటే క్లయర్‌వెన్ ఒడ్డుకు మళ్లండి.
> సార్న్ హెలెన్: ఉత్తర, దక్షిణ వేల్స్‌ను కలుపుతూ రోమన్ సైన్యాలు వేసిన దారి. కొన్నిచోట్ల కంకర, కొన్నిచోట్ల తారు, కొన్నిచోట్ల వట్టి ఊహ.

గేటు వేసి వెళ్లండి

వేల్స్‌లో మనుషులు 31 లక్షలు, గొర్రెలు దాదాపు 90 లక్షలు. కొండ మీద కంచె లేకపోయినా ప్రతి మంద తన మేరలోనే మేస్తుంది. ఆ మేర తల్లి గొర్రె పిల్లకు నేర్పుతుంది, ఆ పిల్ల తన పిల్లకు. తరాలుగా నిలబడిన ఈ చదువు చెడిపోతే మళ్లీ నేర్పడం రైతు తరం కాదు. కింది గడ్డి మైదానం గేటు ఎవరో తీసి వదిలేస్తే రెండు మందలు కలిసిపోతాయి. పొట్టేలు అటు దూరితే వచ్చే ఏడు ఈతల లెక్కంతా తారుమారు. విడదీయడానికి కుక్కలతో, మనుషులతో ఒక రోజు పోతుంది. ఆ కూలీ ఇచ్చేవాడు లేడు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో గొర్రెలు ఈనుతాయి. సైకిల్‌వాళ్లకు కూడా అప్పుడే ఎండలు తగిలి ఇంట్లో కాలు నిలవదు. ఈనబోయే గొర్రె బెదిరి పరిగెడితే పిల్ల దక్కకపోవచ్చు. కాబట్టి మంద కనబడితే దిగి నడవమని అనుభవమున్నవాళ్లు చెబుతారు. గేటు విషయంలో సూత్రం ఇంకా తేలిక: మూసి ఉంటే మూసి వెళ్లు, తెరిచి ఉంటే తెరిచే వదిలెయ్. తెరిచి ఉన్నదాన్ని మంచితనం కొద్దీ మూసినా ముప్పే, అవతలి మందకు నీళ్లు అందవు. నా మటుకు నాకు టైర్ల రకం, గేర్ల సంఖ్య గురించి పేజీలకు పేజీలు రాసేవాళ్లు ఈ ముక్క ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు.

మూతపడ్డ కేఫ్

రైతు ఇంటి పక్క గది అద్దెకిస్తే, పబ్బులో రాత్రి భోజనం అమ్ముడైతే ఈ సైకిళ్ల వల్ల ఊరికి నాలుగు డబ్బులు. సందేహం లేదు. బడులు, బ్యాంకు శాఖలు మూతపడుతున్న కొండ ఊళ్లకు అదీ ఆసరానే. కానీ దారి చూసుకునేదెవరు?

డోల్‌గెల్లైకి ఉత్తరాన కోయిడ్ అ బ్రెనిన్ అడవి ఉంది. కొండ సైకిళ్ల కోసమే ప్రత్యేకంగా దారులు వేసిన తొలి కేంద్రం బ్రిటన్‌లో ఇదే. 1990ల్లో మొదలై దేశమంతటికీ నమూనా అయింది. అడవుల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ నేచురల్ రిసోర్సెస్ వేల్స్, ఖర్చు తగ్గించుకోవాలంటూ 2025 మార్చి 31న అక్కడి కేఫ్‌నూ దుకాణాన్నీ మూసేసింది. అబరిస్ట్‌విత్ దగ్గరి నాంట్ ఇర్ అరియన్ కేంద్రానికీ అదే గతి. స్థానికులు ఊరేగింపులు తీశారు, సంతకాలు సేకరించారు. దారులు, పార్కింగ్, మరుగుదొడ్లు ఉంటాయని సంస్థ చెప్పింది. పోయింది కేఫ్ ఒక్కటే కదా అని నగరంలో కూర్చున్నవాళ్లకు అనిపించవచ్చు. ఆ కేఫ్‌లో పనిచేసినవాళ్లు ఆ లోయవాళ్లే. తడిసి ముద్దయి వచ్చినవాడు ఒళ్లు వెచ్చబెట్టుకునే చోటూ అదే, కాలు బెణికితే ఫోన్ అడిగే చోటూ అదే.

టూర్ డి ఫ్రాన్స్ ఒక రోజు వచ్చి పోతుంది. ఆ ఒక్క రోజుకు డబ్బు దొరుకుతుంది, రోడ్ల గుంతలూ పూడతాయి. అడవి రోడ్డు గుంత పూడ్చే రోలరు మాత్రం కలప లారీ అవసరం పడితేనే కదులుతుంది. ఈ లోపు కోయిడ్ అ బ్రెనిన్ వెళ్లేవాళ్లు టీ ఫ్లాస్కులో పోసుకుని వెళ్లడం మంచిది.